అమ్మ మోకాళ్ల గురించి అడిగిన గైడ్ – మా కంబోడియా ట్రిప్ రివ్యూ

సంక్రాంతి పండగ అయ్యాక అమ్మానాన్నల్ని తీసుకుని కంబోడియా వెళ్లొచ్చాం. వెళ్లే ముందు తెలుగులో ఎంత వెతికినా ప్యాకేజీ ఎంత, హోటల్ ఏది అన్న కబుర్లే దొరికాయి. అక్కడి లోకల్ గైడ్‌ని మనమే నేరుగా మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అది పనికొస్తుందా, పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉంటుందా అన్నది ఎవరూ వివరంగా చెప్పలేదు. అందుకే నేను రాస్తున్నాను. ఇద్దరు గైడ్‌లని పెట్టుకున్నాం, ఒకాయనతో గడిపిన రెండు రోజులు మా ఇంట్లో ఇప్పటికీ రోజూ తలుచుకుంటాం, రెండో ఆయనతో గడిపిన పూట మాత్రం వృథా అయింది. రెండూ చెప్తాను.

వెళ్లింది ఐదుగురం. నేను, మా వారు, పదేళ్ల పాప, అమ్మ, నాన్న. అమ్మకి అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు. నాన్నకి డెబ్భై ఒకటి, షుగర్ ఉంది, టైముకి తినాలి. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టుకోరు. మూడేళ్ల కిందట వీళ్లిద్దర్నీ ఒక ట్రావెల్స్ వాళ్ల గ్రూప్ టూర్‌లో వేరే దేశం పంపించాం. బస్సులో నలభై మంది, పొద్దున ఆరింటికి లాబీలో ఉండాలి, ఒక్కో చోట నలభై నిమిషాలు, అందులో ఫొటోలకే సగం. నగల షాపులో మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టారట. ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటినా భోజనం పెట్టకపోతే నాన్నకి చెమటలు పట్టి, పక్క సీటావిడ బ్యాగులోంచి బిస్కెట్లు తీసి ఇచ్చిందట. అది విన్నాక వాళ్లని మళ్లీ అలా పంపకూడదని గట్టిగా అనుకున్నాను.

కంబోడియా ఎందుకంటే అమ్మ ఎప్పట్నుంచో అడుగుతోంది, అంత పెద్ద విష్ణ్వాలయం సముద్రం అవతల ఎలా వచ్చిందో చూడాలని. అంగ్‌కోర్ వాట్‌ని 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ కట్టించాడు, విష్ణువుకే కట్టించాడు, తర్వాత బౌద్ధక్షేత్రం అయింది. దాని పక్కనే ఉండే ఊరు సియెం రీప్. మేం హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్లి, అక్కడ ఇంకో ఫ్లైట్ మారాం. 2023 అక్టోబర్‌లో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్ట్ ఊరికి బాగా దూరం, కారులో గంట పట్టింది, హోటల్ వాళ్లతో ముందే కారు మాట్లాడుకోండి.

ఇక గైడ్ సంగతి. అక్కడ గుళ్లలో గైడ్‌గా తిరగాలంటే ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, యూనిఫాం చొక్కా, బ్యాడ్జీ వేసుకోవాలి. కాబట్టి ముందు లైసెన్స్ కార్డు ఫొటో పంపమని అడగండి, నిజం గైడ్ అయితే రెండు నిమిషాల్లో పంపిస్తాడు. నేను ఐదుగురికి ఒకటే మెసేజ్ పెట్టాను: మేం ఐదుగురం, అమ్మ మెట్లు ఎక్కువ ఎక్కలేదు, నాన్న ఒంటిగంటలోపు తినాలి, మాంసం చేప గుడ్డు ఏదీ తినం, అమ్మకి రామాయణ భారతాలు కొట్టినపిండి కాబట్టి కథ చెప్పక్కర్లేదు, మీ దేశంలో ఆ కథ ఎలా ఉందో చెప్తే చాలు, షాపులకి వద్దు. అంతే.

ముగ్గురు రెడీగా ఉన్న పీడీఎఫ్ పంపారు, పొద్దున నాలుగున్నరకి సన్‌రైజ్ దగ్గర్నుంచి సాయంత్రం కొండమీద సన్‌సెట్ దాకా. నా మెసేజ్ చదివినట్టే లేదు. ఒకాయన మొత్తం డబ్బు ముందే ట్రాన్స్‌ఫర్ చేయమన్నాడు. ఐదో ఆయన మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు, "మీ అమ్మగారు ఒకేసారి ఎన్ని మెట్లు ఎక్కగలరు? పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటే ఎక్కుతారా, దిగడం కష్టమా ఎక్కడం కష్టమా?" అని. దిగడమే కష్టం అని రాశాను. "అయితే అంగ్‌కోర్ వాట్‌కి వెనక గుమ్మం నుంచి వెళ్దాం" అని జవాబు. అక్కడే ఖాయం చేసుకున్నాను. అడ్వాన్స్ అడగలేదు. రోజుకి 45 డాలర్లు, దూరం వెళ్లే రోజు 55, అంటే మన డబ్బులో ఇంచుమించు నాలుగు వేలు, ఐదు వేలు. కారు, డ్రైవర్ ఖర్చు దీనికి వేరే, అది కలిపి చెప్తున్నారో విడిగా చెప్తున్నారో ముందే తేల్చుకోండి.

మొదటి రోజు మాత్రం కావాలనే గైడ్ లేకుండా పెట్టుకున్నాం, మధ్యాహ్నం కాస్త పడుకుని లేచి టుక్‌టుక్‌లో వెళ్లి బయోన్ అనే గుడి చూసొద్దామని. ఈ గుళ్లకి టికెట్టు మూడు రోజులది తలకి 62 డాలర్లు, ఒక్కరోజుదైతే 37. మూడు రోజుల పాస్ వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది పెద్ద వరం. పాస్ మీద మన ఫొటో ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, కానీ పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవాలి. బయోన్‌లో గోపురం గోపురానికీ నాలుగు దిక్కులా పెద్ద పెద్ద ముఖాలు, సన్నగా నవ్వుతూ. చాలా బాగుంది, ఫొటోలు తీసుకున్నాం, చుట్టూ ఉన్న గోడల మీద బోలెడు బొమ్మలున్నాయి, ఏదో యుద్ధం అనుకున్నాం, అరగంటలో బయటపడ్డాం. ఈ అరగంట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో రోజు గైడ్ ఎనిమిదింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. సన్‌రైజ్ వద్దన్నది ఆయనే. ఆ గుడి పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు గోపురాల వెనక నుంచి లేస్తాడు, అది చూడ్డానికి జనమంతా చీకట్లోనే పడమటి వైపు కొలను దగ్గర చేరతారు, తర్వాత ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తారు, ఎనిమిదింటికల్లా టిఫిన్లకి వెళ్లిపోతారు. మేం ఆ టైముకి తూర్పు గుమ్మం నుంచి చెట్ల మధ్య మట్టిదారిన లోపలికి నడిచాం. దారిలో ఎదురొచ్చింది ఒక విదేశీ జంట, రెండు కోతులు, అంతే. అలా వెళ్తే ముందు తగిలేదే తూర్పు గ్యాలరీ, అందులోనే సముద్రమథనం ఉంది, పొద్దుటి ఎండ కూడా దాని మీదే పడుతుంది. ఇదంతా ఆయన లెక్కేసుకుని పెట్టుకున్న వరస అని అక్కడికి వెళ్లాక గానీ మాకు అర్థం కాలేదు.

ఆ గోడ గురించి కాస్త చెప్పాలి. దాదాపు 50 మీటర్ల పొడుగు, ఒక చివర నుంచి ఇంకో చివరికి వాసుకి. ఒకవైపు 92 మంది రాక్షసులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన గాల్లో అప్సరసలు. కిందంతా చేపలు, మొసళ్లు. గైడ్ అమ్మని చిలికే చోటికి తీసుకెళ్లి కింద చూడమన్నాడు. మందర పర్వతానికి దూరంగా ఉన్న చేపలు మామూలుగా ఉన్నాయి, దగ్గరికి వచ్చేకొద్దీ ముక్కలై ఉన్నాయి, ఒక మొసలి నడుం దగ్గర రెండుగా తెగి ఉంది, ఆ సుడికి. అమ్మ వంగి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు గుళ్లో పురాణం ఎన్నిసార్లు విన్నా సముద్రంలో ఉన్న చేపలేమయ్యాయని తనకెప్పుడూ తట్టలేదంది.

తర్వాత దేవతల వైపు తోక చివరికి వెళ్లాం. అక్కడ తోక పట్టుకున్నది పెద్ద వానరం. అమ్మ ఆగిపోయింది. "హనుమంతుడు ఇక్కడికెలా వచ్చాడే? అప్పటికి పుట్టనేలేదుగా ఆయన" అని నాతో అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. గైడ్ నవ్వి, ఆ వానరం ఎవరన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు, అటువైపు తల దగ్గర రావణుడు అని చెప్పే పలు తలలవాడు కూడా ఉన్నాడు చూపిస్తా రండి అని, మా ఖ్మేర్ రామాయణం పేరు రామ్‌కేర్, మాకు హనుమంతుడంటే చాలా ఇష్టం, అందుకని మంచి పని ఎక్కడ జరిగినా ఆయన్ని పెట్టేసుకుంటాం అన్నాడు. అమ్మకి ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కడే నిలబడి హాలాహలం పుట్టడం, శివుడు మింగడం, పార్వతీదేవి ఏమనుకుని ఉంటుంది అన్నదాకా చెప్పుకుంటూ పోయింది, నేను తర్జుమా చేస్తూ ఉంటే ఆయన చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ఆ ఒక్క గోడ దగ్గర గంటంబావు ఉన్నాం. గ్రూప్ టూర్‌లో ఇది జరిగే పనే కాదు.

పైకి, అంటే నడిమి గోపురం ఉన్న మూడో అంతస్తుకి మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. అమ్మ ఎక్కలేదు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు పెద్దవాళ్లని ఏదో నీడలో ఒంటరిగా కూర్చోబెట్టి, మనం హడావిడిగా ఎక్కి దిగుతాం. ఇక్కడ గైడ్ "నేను వేలసార్లు చూశాను, మీరు వెళ్లండి" అని అమ్మతో కిందే కూర్చున్నాడు. ఒకసారికి వంద మందినే పైకి వదులుతారు కాబట్టి క్యూ ఉంటుంది, భుజాలు మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే వెనక్కి పంపిస్తారు. మేం దిగి వచ్చేసరికి ఇద్దరికీ ఉమ్మడి భాష లేకపోయినా మాటల ఆట నడుస్తోంది. అంగ్‌కోర్ అంటే నగరం అట, ఆ మాట నుంచే వచ్చింది. భాషని వాళ్లు ఫియాసా అంటారు, గురువుని క్రూ అంటారు, బంగారానికి సువణ్ అన్న మాట ఉంది. వాళ్ల అక్షరాలు కూడా పల్లవుల లిపి నుంచి పుట్టినవే. నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఇంక ఆయన్ని ఆపడం ఎవరి తరం.

మధ్యాహ్నం భోజనం గురించి నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది. ఆ దేశంలో కూరగాయల వంటలోనూ చేపల సాస్ వేస్తారు, ప్రహోక్ అని పులియబెట్టిన చేప ముద్ద ఉంటుంది, అది పడని వంట తక్కువ. వెజ్ అని చెప్తే ముక్కలు తీసేసి ఇస్తారు గానీ సాస్ మానరు. గైడ్ ముందురోజు రాత్రే ఒక చిన్న హోటల్‌కి ఫోన్ చేసి చెప్పి ఉంచాడు. వెళ్లగానే అన్నం, వెల్లుల్లి వేసి వేయించిన మన తూటికూర, టోఫు, గుమ్మడికాయ కూర. ఆయన స్వయంగా వంటింట్లోకి వెళ్లి ఏ సీసా వాడుతున్నారో చూసొచ్చాడు. మాకు "అత్ సాచ్, అత్ త్రెయ్" అని నేర్పించాడు, మాంసం వద్దు చేప వద్దు అని. పన్నెండున్నరకి నాన్న చేతిలో కంచం ఉంది. మేం తీసుకెళ్లిన కందిపొడి గైడ్ కూడా వేసుకుని తిన్నాడు, కళ్లల్లో నీళ్లొచ్చినా రెండోసారి అడిగి వేసుకున్నాడు.

మూడో రోజు బాంతేయ్ స్రేయ్. 967లో ప్రతిష్ఠించిన శివాలయం, చిన్నదే, ఎర్రరాయి మీద చెక్కపని చేసినట్టుంటుంది. రావణుడు కైలాసం కదుపుతుంటే కింద మునులు, జంతువులు బెదిరిపోవడం, వాలి సుగ్రీవుల యుద్ధం, ఖాండవ దహనం అన్నీ ఉన్నాయి. నాకు అంగ్‌కోర్ వాట్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది, పైగా నేల సమతలం, అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. తొమ్మిదిన్నరకల్లా బస్సులు దిగుతాయి, మేం ఏడున్నరకి అక్కడ ఉన్నాం.

తిరిగొచ్చే దారిలో ప్రేహ్ డాక్ అనే ఊరు, రోడ్డు పక్కన పెద్ద మూకుళ్లలో తాటిబెల్లం కాస్తున్నారు. కారు ఆపమని గైడ్ అనలేదు, షాపులొద్దని నేను రాశాను కదా, నాన్నే ఆపించారు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, తాటిచెట్ల మధ్య పెరిగిన మనిషి. అక్కడ కాస్తున్నావిడ గరిటెతో తీసి తాటాకు ముక్క మీద వేడి పాకం పెట్టింది. నాన్న నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత ప్రశ్నలు మొదలు, నీరా పొద్దున దించుతారా సాయంత్రమా, లొట్టి లోపల సున్నం రాస్తారా అని. ఆవిడ కుండ కాదు ఇదీ అని వెదురు గొట్టం తెచ్చి చూపించింది. పావుగంట అనుకున్నది ముప్పావుగంట అయింది, గైడ్ ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు. ఆయన దగ్గర నాకు బాగా నచ్చిన గుణం ఇదే, మాకు ఏది నచ్చితే అక్కడ నిలబడనిస్తాడు, ఆ పోయిన టైముని వెనక ఏది తీసేసి సర్దాలో ఆయన చూసుకుంటాడు. ఆ రోజు తా ప్రోమ్‌లో తగ్గించాడు. చెట్ల వేళ్లు గోడల్ని పట్టుకుని ఉండే గుడి అది, మన ఆర్కియాలజీ వాళ్లు అక్కడ ఏళ్ల తరబడి మరమ్మతులు చేశారు.

సాయంత్రం మళ్లీ బయోన్‌కి తీసుకెళ్తానంటే చూసేశాం కదా అన్నాం. పది నిమిషాలు చాలు రండి అన్నాడు. మొన్న మేం యుద్ధం అనుకుని దాటేసిన దక్షిణం గోడ దగ్గర ఆపి, పాపని ముందుకి పిలిచి, ఇక్కడ కోళ్లెక్కడున్నాయో కనిపెట్టు అన్నాడు. పాప వెతికి, "తాతయ్యా, కోడిపందెం!" అని అరిచింది. నిజంగానే కోడిపందెం. ఇద్దరు మనుషులు కోళ్లని ఎదురెదురుగా పట్టుకుని, వెనక జనం చేతులు ఊపుతూ పందేలు కాస్తూ. వారం కిందటే మా ఊళ్లో బరి దగ్గర చూసిన బొమ్మ అది, ఎనిమిది వందల ఏళ్ల రాతి మీద. పక్కనే చేపలమ్మే ఆవిడ, తక్కెడ, కాన్పు అవుతున్న ఆడమనిషి, వంటలు. యుద్ధం కూడా ఉంది, పక్క రాజ్యం చాం వాళ్లతో పడవల మీద, కానీ ఆ పడవల కింద జనం తమ పని తాము చేసుకుంటున్నారు. మొదటిరోజు ఇవన్నీ మా కళ్లముందే ఉన్నాయి, ఒక్కటీ కనపడలేదు. గైడ్ ఎందుకు, గూగుల్ ఉందిగా అనేవాళ్లకి నేను చెప్పే జవాబు ఈ గోడే.

కారులో వెనక్కి వస్తుంటే నాన్న ఆయన్ని మీ నాన్నగారేం చేసేవారని అడిగారు. స్కూల్ టీచర్ అన్నాడు. కాసేపాగి, పోల్ పాట్ కాలంలో తీసుకెళ్లారు, నాకప్పుడు ఏడేళ్లు అన్నాడు. 1975 నుంచి 1979 దాకా ఆ నియంత పాలించిన నాలుగేళ్లలో చదువుకున్నవాళ్లనే వెతికి మరీ చంపారని చదివాను గానీ, ముందు సీట్లో కూర్చున్న మనిషి నోట వినడం వేరు. నాన్న ఇంకేమీ అడగలేదు, ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. దిగేటప్పుడు ఇద్దరూ చేతులు జోడించుకున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. ఆయన ఇంగ్లీషులో మాట చివరి అక్షరాలు మింగేస్తాడు, నాకే మొదటి గంట అలవాటు పడలేదు, అమ్మానాన్నలకి ప్రతిదీ నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది, ఆ రెండు రోజులు నాకు గొంతు పోయింది. తెలుగు వచ్చిన గైడ్ మాకు దొరకలేదు. రాజుల పేర్లు, ఏళ్లు కాస్త ఎక్కువ చెప్తాడు, పాప విసుక్కుంది. కోళ్ల ఆటలాంటివి ముందు నుంచీ పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

తర్వాత రోడ్డు మీద ఆరు గంటలు ప్రయాణం చేసి రాజధాని నాంపెన్ వెళ్లాం. అక్కడికి నేను ఓపికలేక ఒక బుకింగ్ సైట్‌లో స్టార్లు చూసి ప్రైవేట్ గైడ్‌ని బుక్ చేసేశాను, మెసేజ్ గిసేజ్ ఏమీ పెట్టలేదు, పేరు కూడా ముందురోజు రాత్రి దాకా తెలియదు. వచ్చిన కుర్రాడు మర్యాదస్థుడే గానీ కంఠస్థం పట్టింది ఒప్పజెప్పినట్టు చెప్తాడు, మధ్యలో ఏదైనా అడిగితే మళ్లీ మొదటికి వెళ్తాడు. రాజభవనం చూపించాక "ఐదు నిమిషాలే" అని వెండి సామాన్ల షాపుకి తీసుకెళ్లాడు, ఐదు నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి, ఆ దెబ్బకి నేషనల్ మ్యూజియంకి మిగిలింది అరగంట. నాకు నిజంగా బాధనిపించింది. ఫ్నోమ్ డా అనే కొండ నుంచి తెచ్చిన ఎనిమిది చేతుల విష్ణువు, గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు అక్కడే ఉన్నారు, అమ్మ వాళ్ల ముందు దండం పెట్టుకునేలోపు టైమైపోయిందన్నాడు. తప్పు సగం నాది అని ఒప్పుకోను, ప్రైవేట్ టూర్ అని డబ్బు తీసుకున్నాక షాపుకి అడగకుండా తీసుకెళ్లకూడదు. కంప్లైంట్ చేశాను, సారీ అని మెయిల్ వచ్చింది, డబ్బు రాలేదు. మర్నాడు గైడ్ లేకుండా మళ్లీ టికెట్ కొనుక్కుని అదే మ్యూజియంలో పొద్దున్నంతా కూర్చున్నాం. పోల్ పాట్ కాలంలో జైలుగా ఉండి ఇప్పుడు మ్యూజియం అయిన తుఓల్ స్లెంగ్‌కి మా వారు, నేను మాత్రం వెళ్లాం, అక్కడ ఆడియో గైడ్ చాలు, చెవిలో వింటూ మాట్లాడకుండా తిరగాల్సిన చోటు అది, పిల్లల్ని తీసుకెళ్లకండి.

మళ్లీ వెళ్తే సియెం రీప్‌లో మూడు రోజులూ ఆయన్నే పెట్టుకుంటాను, నాంపెన్‌లో అసలు పెట్టుకోను. ఇద్దరే, కుర్రవాళ్లు, బోలెడు నడవగలిగినవాళ్లయితే అంగ్‌కోర్ వాట్ ఒక్కరోజుకి పెట్టుకుని మిగతావి టుక్‌టుక్‌లో తిరగొచ్చు. డాలర్లే నడుస్తాయి, చిల్లర మాత్రం రియెల్‌లో ఇస్తారు, నాలుగు వేల రియెల్ ఒక డాలర్ లెక్క. నోటు అంచు కాస్త చిరిగినా తీసుకోరు, మా దగ్గర ఇరవై డాలర్ల నోటు ఒకటి అలాగే వెనక్కి వచ్చింది, ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో పెట్టి చూసుకోండి. గైడ్‌కి ఇచ్చే టిప్ కవర్లో పెట్టి రెండు చేతులతో ఇవ్వండి, అక్కడ అదే మర్యాద. మేం టిప్‌తో పాటు కందిపొడి డబ్బా కూడా ఇచ్చి వచ్చాం, మొన్న అయిపోయిందని ఫొటో పెట్టాడు, అమ్మ ఇంకోటి కొడుతోంది.